లైపోజోమ్

సీరమ్ సీసాల మీద, క్రీముల ప్రకటనల్లో తరచూ కనిపిస్తున్న మాట ఇది. గ్రీకులో ‘లైపోస్’ అంటే కొవ్వు, ‘సోమా’ అంటే శరీరం. ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వు పదార్థాలతో ఏర్పడే అతి చిన్న బుడగే లైపోజోమ్. 1960ల తొలినాళ్లలో బ్రిటన్ శాస్త్రవేత్త అలెక్ బాంగమ్ వీటిని గుర్తించారు.

ఫాస్ఫోలిపిడ్ అణువు తలకు నీళ్లంటే ఇష్టం, తోకకు గిట్టదు. అందుకే నీటిలో పడగానే ఈ అణువులు తోకలను లోపలికి దాచుకుని, జంట వరసల గోడగా మారి గుండ్రంగా ముడుచుకుంటాయి. నీటిలో కరిగే విటమిన్-సి బుడగ నడుమ, కొవ్వులో కరిగే రెటినాల్, విటమిన్-ఇ గోడలో ఇముడుతాయి. గాలి తగిలితే పాడయ్యే ఇలాంటి పదార్థాలకు ఆ గోడే కవచం. బుడగల తయారీకి ఎక్కువగా వాడే ముడిసరుకు సోయా లెసిథిన్.

1986లో క్రిస్టియన్ డియోర్ సంస్థ ‘కాప్చర్’ క్రీముతో లైపోజోమ్‌లు సౌందర్య సాధనాల్లోకి అడుగుపెట్టాయి. అయితే బుడగ చెక్కుచెదరకుండా చర్మం లోతుల్లోకి చేరుతుందనుకోవద్దు. మామూలు లైపోజోమ్‌లు చాలావరకు చర్మం పై పొరల్లోనే విడిపోయి, తెచ్చిన సరుకును అక్కడే దించేస్తాయి. కాబట్టి సీసా మీద ఈ పేరొక్కటే చూసి మురిసిపోకుండా, లోపల ఏ పదార్థం ఎంత ఉందో చదివి కొనండి.