మంచుపలకకు మైనము

మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలలో పుష్యమాసపు చలి ఎంత తీక్ష్ణమైనను, హార్సిలీ కొండపై వేకువన పొగమంచు చెట్లను కప్పివేయునే గాని, నేలపై మంచు మోకాలిలోతున పేరుకొనుట అచటివారెవరును ఎరుగరు. కాని అమెరికాలో రాకీ పర్వతముల చేరువన కాపురముండు మనుమడు మంచుపై నిలిచి జారుటకు వాడు స్నోబోర్డు అను పలకను బల్లపై బోర్లించి, ఇస్త్రీపెట్టెతో రుద్దుచుండగా ఫోనులో చూచి, వీనికేమి వచ్చినదని విస్తుపోవు తాతగారికి ఈ నాలుగు మాటలు ఉపకరింపవచ్చును.

ఈ పలక వయస్సు పెద్దది కాదు. 1965 క్రిస్మస్ నాడు మిషిగన్ రాష్ట్రమున షెర్మన్ పాపెన్ అను నతడు తన కుమార్తెల ఆటకై మంచుపై జారు పట్టెలగు స్కీలను రెండింటిని జతగా బిగించుటతో మొదలైన ఈ వేడుక, 1998 నాటికి జపానులోని నగానో ఒలింపిక్ క్రీడలలో చోటు సంపాదించినది.

ఇక దీనికి మైనమెందుకనగా, పలక జారునపుడు ఒరిపిడివలన పుట్టు వేడిమికి మంచు లేశమాత్రము కరిగి, ఆ పలుచని నీటిపొర మీదుగా అది సాగిపోవునని 1939లో బౌడెన్, హ్యూజ్ అను శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. అయితే నీరు మితిమీరినచో అడుగును పట్టి వెనుకకు లాగును. చలి మిక్కుటమైనపుడు మంచురవలు వాడిదేరి అడుగును గీరును. కావుననే తడిమంచునకు మెత్తని మైనమును, గడ్డకట్టు చలికి గట్టి మైనమును ఎన్నుకొందురు. ఇరుసునకు ఆముదమును గడ్డిమసిని కలిపిన కందెన పెట్టు మన బండివానికి ఈ మర్మము కొంత తెలిసినదే.

మైనము పట్టించు పని ఇంటిలోనే చేసికొనవచ్చును. పాలిథిలీనుతో చేసిన అడుగుభాగమును శుభ్రపరచి, ఆవిరి రంధ్రములు లేని పాత ఇస్త్రీపెట్టెకు మైనపుకడ్డీని ఆనించి, బొట్లుబొట్లుగా పలక పొడవునా రాల్చి, పెట్టెను ఒకచోట నిలుపక నడుపుచు సమముగా పరవవలెను. నిలిపినచో అడుగు మాడును, పొగ లేచినచో వేడి ఎక్కువైనదని గ్రహింపవలెను. (ఆ పెట్టెతో మరల చొక్కాలు ఇస్త్రీ చేయు సాహసమునకు ఎవరును పూనుకొనరాదు.) అరగంటయైనను చల్లారనిచ్చి, పిమ్మట ప్లాస్టిక్ రేకుతో, ముందుకొననుండి వెనుకకు, పూసినదానిని దాదాపు అంతయు గీకివేసి, నైలాను కుంచెతో తోమవలెను.

ఇంత శ్రమపడి పూసినది గీకివేయుట కొత్తవారికి వ్యర్థవ్యయముగా తోచును. బండివాడు విన్నచో నవ్వును. కాని పనిచేయునది అడుగులోనికి ఇంకిన మైనమే. పైన మిగిలినది పలక వేగమునకు అడ్డు.

పందెగాండ్రు ఒకప్పుడు ఫ్లోరిను కలిసిన మైనములను వాడెడివారు. అవి నీటిని అద్భుతముగా తరిమెడివి. కాని ఆ రసాయనములు నేలలోను నీటిలోను చేరి నశింపక నిలుచుటచే, అంతర్జాతీయ స్కీ, స్నోబోర్డు సమాఖ్య 2023-24 ఋతువునుండి వానిని పోటీలలో నిషేధించినది. ఇంటి విలాసమునకు సామాన్యమైన పారఫిన్ మైనము చాలును. అంచులవెంట అడుగు తెల్లబారి ఎండినట్లు కనబడినపుడెల్ల పట్టించిన సరి.

వేసవికి పలకను అటక ఎక్కించుటకు ముందు మాత్రము మందముగా పూసి, గీకక అట్లే విడువవలెను. ఆ గీకుడు మరుసటి చలికాలపు పని.