తొలి అక్వేరియం: చేపల కంటే ముందు నీళ్లు సిద్ధం కావాలి

ఈద్ రోజు చేతిలో ఈదీ డబ్బులు పడగానే పిల్లలు పరుగెత్తే దుకాణాల్లో రంగు చేపల దుకాణం ఒకటి. చిన్న గాజు గిన్నె, రెండు గోల్డ్‌ఫిష్‌లు, ఓ మేత డబ్బా కొనుక్కుని సంబరంగా ఇంటికొస్తారు. మూడో రోజుకో నాలుగో రోజుకో ఒక చేప నీటిపై తేలుతుంది. పిల్లలు ఏడుస్తారు. ‘దుకాణంవాడు జబ్బు చేప ఇచ్చాడులే’ అని పెద్దలు సర్దిచెబుతారు. చాలాసార్లు అసలు కారణం జబ్బు కాదు, నీళ్లు.

కంటికి కనబడని విషం

చేపలు మొప్పల నుంచి అమ్మోనియాను వదులుతుంటాయి. మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. నీళ్లు అద్దంలా తేటగా ఉన్నా చేపకు అది విషమే. చెరువులో ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. మరో రకం దాన్ని అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా తగినంత ఉండదు. ఫిల్టర్ స్పాంజిలో, గులకరాళ్ల మీద అది స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

అందుకే మొదట చేపలు లేకుండానే ఫిల్టర్‌ను రాత్రింబవళ్లు నడపాలి. రోజూ చిటికెడు మేత వేస్తే అది కుళ్లి బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. అక్వేరియం దుకాణాల్లో దొరికే టెస్ట్ కిట్‌తో చూస్తే అమ్మోనియా, నైట్రైట్ పెరిగి, మళ్లీ సున్నాకు వస్తాయి. అప్పుడే చేపలు తేవాలి. బంధువుల ఇంట్లో బాగా నడుస్తున్న అక్వేరియం ఉంటే, దాని ఫిల్టర్ స్పాంజి ముక్క తడి ఆరకుండా తెచ్చి వేసుకుంటే ఈ పని త్వరగా అవుతుంది.

గిన్నె వద్దు

నీళ్లు ఎంత తక్కువగా ఉంటే అంత త్వరగా చెడిపోతాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 56 లీటర్లు పడతాయి. తొలిసారికి ఇది సరిపోతుంది. నీళ్లు, గాజు, రాళ్లు కలిపితే బరువు 70 కిలోలు దాటుతుంది కాబట్టి గట్టి స్టాండ్ కావాలి. నేరుగా ఎండ పడే కిటికీ పక్కన పెడితే నాచు పట్టేస్తుంది. దోమల మందు కొట్టే గదిలో అసలే వద్దు.

మున్సిపల్ నీటిలో క్లోరిన్ ఉంటుంది. యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి వాడితే మంచిది. ఆర్‌ఓ నీటిలో ఖనిజాలు తక్కువ, అవొక్కటే పోయకూడదు.

ఏ చేపలు తేవాలి?

బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉండే ఇళ్లలో గప్పీలు, మోలీలు, ప్లాటీలు బాగా బతుకుతాయి. మొదట మూడు నాలుగు చాలు, రెండు మూడు వారాలయ్యాక ఇంకొన్ని కలపొచ్చు. ఇవి గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్ని కంటాయి. తొట్టి నిండిపోకూడదనుకుంటే మగవి మాత్రమే కొనాలి.

ఒకే చేప చాలనుకుంటే బెట్టా మంచిది. పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి కరెంటు పోయినా కాసేపు తట్టుకుంటుంది. రెండు మగ బెట్టాలను మాత్రం కలిపి ఉంచకూడదు, ఒకదాన్నొకటి చంపేస్తాయి.

గోల్డ్‌ఫిష్ చూడ్డానికి చిన్నదే. సరిగ్గా పెంచితే అరడుగు దాటి పెరుగుతుంది, పదేళ్లకు పైగా బతుకుతుంది, వ్యర్థాలూ ఎక్కువే. ‘గాజు శుభ్రం చేస్తుంది’ అని అంటగట్టే సక్కర్ చేప అడుగుకు పైగా పెరుగుతుంది. ఈ రెండూ తొలి తొట్టికి తగవు.

ఇంటికొచ్చాక

కవర్‌ను తెరవకుండా పావుగంట తొట్టిలో తేలనివ్వాలి. తర్వాత తొట్టి నీళ్లు కొద్దికొద్దిగా కవర్‌లో కలిపి, చేపను వలతో తీసి వదలాలి. కవర్‌లోని నీళ్లు తొట్టిలో పోయకూడదు.

మేత రోజుకు ఒకటి రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంతే. ఇంట్లో అమ్మీ ఒకసారి, పిల్లలు ఒకసారి, నానీమా ఇంకోసారి వేస్తే నీళ్లు పాడవుతాయి. ఆ బాధ్యత ఒక్కరికే అప్పగించాలి. వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మారిస్తే చాలు. మొత్తం తోడి, స్పాంజిని కుళాయి కింద తోమితే మేలుచేసే బ్యాక్టీరియా పోతుంది. తీసిన తొట్టి నీళ్లలోనే స్పాంజిని పిండాలి.

పెంచలేకపోతే చేపల్ని చెరువులో వదలొద్దు. ఇళ్ల నుంచి బయటపడిన సక్కర్ చేపలే తెలుగు జిల్లాల్లో ‘దెయ్యం చేపలు’గా మారి జాలర్ల వలలు చించుతున్నాయి. తిరిగి తీసుకునే దుకాణానికో, తెలిసినవారికో ఇవ్వాలి.

ఈ ఈద్‌కి ఈదీతో తొట్టి, ఫిల్టర్ కొనిస్తే చాలు. చేపలు నెలా నెలన్నర తర్వాత వస్తాయి. ఎదురుచూడడం పిల్లలకు కష్టమే, కానీ నాలుగో రోజు ఏడవాల్సిన పని ఉండదు.