ఫోన్‌లో అద్దంలా ఉన్న ఫొటో ఫ్రేమ్ కట్టిస్తే ఎందుకు మసకబారుతుంది?

ఇంట్లో పెద్దవాళ్లెవరైనా పోతే పెద్దకర్మలోగా ఒక మంచి ఫొటో కావాలి. గ్యాలరీ అంతా వెతికితే ఎవరిదో పెళ్లిలో పదిమందితో దిగిన గ్రూప్ ఫొటో ఒకటి దొరుకుతుంది. దాన్ని వాట్సాప్‌లో స్టూడియోకి పంపి, ముఖం వరకు క్రాప్ చేసి 12×18 ఫ్రేమ్ కట్టమంటారు. ఫోన్‌లో కళ్ల కింద ముడతలు కూడా కనిపించిన ముఖం, ఫ్రేమ్‌లోకి వచ్చేసరికి మైనపు బొమ్మలా తయారవుతుంది. అప్పుడు స్టూడియోవాళ్లనో, ఫోన్ కెమెరానో తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు ఆ ఇద్దరిదీ కాదు. ఫొటోలో ఉండాల్సిన పిక్సెల్స్ దారిలోనే పోయి ఉంటాయి.

గళ్ల పుస్తకం లెక్క

ఫొటో అంటే బిట్‌మ్యాప్. గళ్ల నోటుపుస్తకంలో ఒక్కో గడికి ఒక్కో రంగు నింపుకుంటూ పోవడం లాంటిదే. బొమ్మని సాగదీస్తే గడి పెద్దదవుతుంది తప్ప కొత్త గడి పుట్టదు. 12 మెగాపిక్సెల్ ఫొటో అంటే 4000×3000, అంటే కోటీ 20 లక్షల గడులు. (డబ్బా మీద 50 అని, 200 అని ఉన్నా మామూలు మోడ్‌లో ఈ ఫోన్లు చాలావరకు సేవ్ చేసేది దాదాపు 12 మెగాపిక్సెలే. పక్కపక్క పిక్సెల్స్‌ని కలిపి ఒకటిగా చేస్తాయి.) మీ చేతిలోని 1080×2400 స్క్రీన్‌లో ఉన్నవేమో సుమారు 26 లక్షలే. అంటే ఫోన్ మనకు ఫొటోని ఎప్పుడూ కుదించే చూపిస్తోంది. అందుకే 4000 పిక్సెల్స్ వెడల్పున్న ఫొటో, 1600 ఉన్న ఫొటో అరచేతిలో ఒకేలా కనిపిస్తాయి. తేడా బయటపడేది కాగితం మీదే.

ప్రింటింగ్ షాపులో '300 డీపీఐ ఉందా?' అని అడుగుతారు. ఆ 300 మన కంటి లెక్క. మామూలు చూపు ఉన్నవాళ్లకి అడుగు దూరం నుంచి చూస్తే అంగుళానికి 286 చుక్కలు దాటాక అవి విడివిడిగా తెలియవు. దూరం పెరిగేకొద్దీ ఈ సంఖ్య తగ్గిపోతుంది. 10 అడుగుల నుంచైతే 29 చాలు, 20 అడుగుల నుంచైతే 14 చాలు. చేతిలో పట్టుకుని చూసే శుభలేఖకి 300 కావాలి. గోడ మీది ఫ్రేమ్‌కి 150 ఉన్నా బాగానే ఉంటుంది. రోడ్డు మీద కట్టే పదడుగుల ఫ్లెక్సీకి మామూలు 12 మెగాపిక్సెల్ ఒరిజినల్ ఇస్తే అంగుళానికి 33 వస్తాయి, అది ధారాళంగా సరిపోతుంది. ఫ్లెక్సీకి కూడా 300 కావాలని పట్టుబట్టి ఫైల్‌ని ఉబ్బించడం వృథా.

లెక్క కట్టడం తేలికే. పొడవులోని పిక్సెల్స్‌ని ప్రింట్ పొడవు అంగుళాలతో భాగించండి. ఫొటో ప్రాపర్టీస్‌లో 72 డీపీఐ అని కనిపిస్తే కంగారుపడి దాన్ని 300గా మార్చేవాళ్లు ఉన్నారు. పిక్సెల్స్ సంఖ్య మారకుండా ఆ అంకె ఒక్కటే మారిస్తే ఫొటోలో ఏమీ మారదు, అది పైన అంటించిన లేబుల్ లాంటిది.

ఎక్కడ పోతున్నాయి?

ఇప్పుడు ఆ గ్రూప్ ఫొటో దగ్గరికి వద్దాం. ఒరిజినల్‌లో పెద్దాయన తల, భుజాలు కలిపి 600 పిక్సెల్స్ ఎత్తు ఉన్నాయనుకోండి. 18 అంగుళాలతో భాగిస్తే 33. ఇదే తక్కువ. వాట్సాప్ మామూలుగా పంపితే పొడవు వైపు సుమారు 1600కి కుదించేస్తుంది. అప్పుడు ఆ 600 కాస్తా 240 అవుతుంది, అంగుళానికి 13. ముఖం మైనంలా రాక ఏమవుతుంది మరి! 2023లో వచ్చిన హెచ్‌డీ ఆప్షన్ కొంత మేలు చేస్తుంది కానీ అదీ ఫైల్‌ని నొక్కుతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా డ్రైవ్ లింక్ ఇవ్వండి. స్క్రీన్‌షాట్ మాత్రం వద్దే వద్దు.

అంతకన్నా మంచి దారి ఇంకొకటుంది. ఆ పెళ్లి తీసిన ఫొటోగ్రాఫర్‌కి ఫోన్ చేయండి. ఒరిజినల్స్ హార్డ్ డిస్క్‌లో దాచుకునేవాళ్లు చాలామందే. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫైల్ 6000 వెడల్పు ఉంటుంది. అదీ దొరక్కపోతే ఫ్రేమ్ సైజు తగ్గించుకోవడమే మర్యాద. 600 పిక్సెల్స్‌ని 4×6లో వేస్తే అంగుళానికి 100 వస్తాయి, టేబుల్ మీద చక్కగా ఉంటుంది. పాత పాస్‌పోర్ట్ సైజు ప్రింట్ ఏదైనా ఉంటే ఫోన్‌తో ఫొటో తీయకుండా 600 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేయించండి.

ఏఐ యాప్‌లు పెద్దది చేసిస్తాయి కదా అంటారు. చేస్తాయి, కానీ లేని వివరాలని ఊహించి గీస్తాయి. పూలతోటకైతే పర్వాలేదు. పోయిన మనిషి ముఖమైతే మాత్రం కళ్లు, పెదవుల దగ్గర వేరే ఎవరో వచ్చి కూర్చునే ప్రమాదం ఉంది. రెండింతలు మించి పెంచొద్దు, ప్రింట్ ఇచ్చేముందు ఇంట్లోవాళ్లకి చూపించండి.

స్క్రీన్‌కైతే లెక్క తిరగబడుతుంది

బ్యాంకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ దరఖాస్తులో ఫొటో 200×230 పిక్సెల్స్, 20 నుంచి 50 కేబీ ఉండాలి. చాలామంది 4000 పిక్సెల్స్ ఫొటోని అలాగే ఉంచి, కంప్రెస్ యాప్‌తో 50 కేబీకి తెస్తారు. కోటీ 20 లక్షల గడులని అంత చిన్న సంచిలో కుక్కితే జేపెగ్ ముఖాన్ని చదరాలు చదరాలుగా చేసేస్తుంది. ముందు క్రాప్ చేసి 200×230కి కుదించండి. మిగిలేవి 46 వేల పిక్సెల్సే కాబట్టి క్వాలిటీ దాదాపు తగ్గించకుండానే ఫైల్ 50 కేబీలోపు ఉంటుంది. ఒరిజినల్ మీద సేవ్ చేయకండి, కాపీ మీదే చేయండి. జేపెగ్ ఎడిట్ చేసి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత అరుగుతుంది.

రంగుల సంగతి ఒక్క మాట. ఫోన్ వెలుగుతుంది, కాగితం వెలగదు. స్క్రీన్ వివిడ్ మోడ్‌లో, బ్రైట్‌నెస్ ఫుల్‌లో చూసి ఓకే చేసిన చిలకపచ్చ కాగితం మీద కాస్త వాడిపోతుంది. శుభలేఖల ఆఫ్‌సెట్ ప్రింటింగ్‌లో ఫొటో సీఎంవైకేలోకి మారాల్సిందే. స్టూడియో ల్యాబ్ ప్రింట్‌కి మాత్రం మార్చకండి, ఎస్‌ఆర్‌జీబీలోనే ఇవ్వండి.

శుభలేఖలో అక్షరాలని ఫొటోతో కలిపి జేపెగ్‌గా ఇవ్వడం మన దగ్గర ఎక్కువ. ద, ధ మధ్య తేడా ఒక చిన్న గీత. ధ, థ మధ్య తేడా ఒక చుక్క. వత్తులైతే చెప్పక్కర్లేదు. జేపెగ్ నొక్కుడికి మొదట చెదిరేవి ఇవే. అక్షరాలని అక్షరాలుగానే ఉంచి పీడీఎఫ్ ఇవ్వమని డీటీపీవాళ్లని అడగండి. బ్యాక్‌గ్రౌండ్ అంచు దాటి నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా ఉండాలి. ప్రూఫ్‌ని వాట్సాప్‌లో చూసి ఓకే చేయకుండా ఒక్క కాపీ అసలు సైజులో కాగితం మీద తీయించి చదవండి.