చిలక వయసు చదువు

ఏమర్రా, అందరూ ఇలా అరుగు మీదకి రండి. నిన్న డల్లాస్ నుంచి మీ అత్త ఫోన్ చేసిందా, చిన్నాణ్ణి బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకుంటుందట. అదీ క్లాసికల్ పద్ధతిలో. ఎక్కణ్ణించి మొదలెట్టను నాన్నా అని అడిగింది. రాత్రంతా అదే ఆలోచన నాకు.

బడికెళ్లకపోతే పోలీసులు పట్టుకోరా అంటావేంట్రా బుజ్జిగా? పట్టుకోరు. అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ ఇంటి చదువుకి చట్టం ఒప్పుకుంటుంది, నియమాలే ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. మీ అత్త ఉండే టెక్సాస్‌లో మరీ తేలిక. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరుడిగా మెలగడం, ఇవి మనస్ఫూర్తిగా నేర్పితే చాలు.

ఇహ క్లాసికల్ సంగతి. మధ్యయుగాల్లో యూరప్‌లో చదువుకున్నవాడనిపించుకోవాలంటే ఏడు విద్యలు రావాలి. ముందు వ్యాకరణం, తర్కం, ఎదుటివాడు ఔననేలా మాట్లాడే నేర్పు. ఆ మూడూ వచ్చాక అంకగణితం, జ్యామితి, సంగీతం, ఖగోళం. లెక్కల పక్కన సంగీతమేమిటంటారా, ఆగండి, అది చివర్లో చెబుతా. 1947లో ఆక్స్‌ఫర్డ్‌లో డొరొతీ సేయర్స్ అనే ఆవిడ ఆ మొదటి మూడింటి మీద ఒక ఉపన్యాసం ఇచ్చింది. డిటెక్టివ్ నవలలు రాసేదర్రా ఆవిడ! పిల్లలకి చిలక వయసు, ఎదురుచెప్పే వయసు, కవిత్వపు వయసు ఉంటాయంది. చిలక వయసులో విన్నదల్లా వల్లిస్తారు. రెండోదాంట్లో ప్రతిదానికీ ఎందుకంటారు, మన పెద్దది ఇప్పుడు అక్కడే ఉంది. మూడోదాంట్లో తమ మాట తాము చెప్పుకుంటారు. ఆవిడ తన చిన్నతనం తలుచుకుని కట్టిన లెక్క ఇది, దీన్ని శాసనంలా పట్టుకోకూడదు. మూడేళ్ల పిల్ల కూడా ఎందుకని అడుగుతుంది, అడిగితే జవాబు చెప్పాల్సిందే.

తర్వాత 1999లో జెస్సీ వైజ్, ఆవిడ కూతురు సూసన్ వైజ్ బావర్ ఈ పద్ధతిని ఇంట్లో ఎలా నడపాలో పెద్ద పుస్తకం రాశారు. అందులో నాకు బాగా నచ్చింది చరిత్ర పాఠం. ప్రాచీన కాలం నుంచి ఇవాళ్టిదాకా నాలుగేళ్లలో చెప్పి, మళ్లీ మొదటికెళతారు. 12 ఏళ్లలో మూడు చుట్లు. ఆరేళ్లప్పుడు కథగా విన్న ఈజిప్టు రాజు, పదేళ్లకి ప్రశ్నగా, పద్నాలుగేళ్లకి వాదనగా తిరిగొస్తాడు.

అలా మళ్లీ మళ్లీ రావడంలోనే ఉంది అసలు కిటుకు. ఎబ్బింగ్‌హౌస్ అని జర్మనీలో ఒకాయన, అర్థంలేని అక్షరాల గుంపులు బట్టీపట్టి తన మతిమరుపుని తానే కొలుచుకున్నాడు, 1885లో పుస్తకం వేశాడు. నేర్చిన గంటకే సగానికి పైగా జారిపోయేదట. ఒక్కరోజే కూర్చుని 68 సార్లు వల్లిస్తే వచ్చే ఫలితం, మూడు రోజులకి పంచి వల్లిస్తే 38 సార్లతోనే వచ్చింది! మీ బామ్మ ఆవకాయ చూశారుగా. కలిపి జాడీలో పెట్టి వదిలేస్తుంది. మూడోనాడు మూత తీసి, అడుగునుంచి తిరగగలిపి, ఉప్పూ నూనే చూస్తుంది. మొదటిరోజే గంటగంటకీ గరిటె పెడితే ఊరుతుందా? నేర్చినదీ అంతే, మధ్యలో దాని మానాన దాన్ని వదలాలి. ఆ ఎడంలో, ముఖ్యంగా నిద్రలో, మెదడు దాన్ని సర్దుకుంటుంది.

ఇంకొకటి. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు, కాలేజీ పిల్లల్లో కొందరితో ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివించారు, కొందరిని పుస్తకం మూసి గుర్తున్నది రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మన వీధిబడిలో పంతులుగారు ఎక్కాలూ పద్యాలూ ఒప్పజెప్పించుకునేవారు, అదే ఇది.

అందుకని మీ అత్తకి చెప్పాను: మొదటి నెల పుస్తకాల బండి దింపుకోకమ్మా. రోజూ ఒక కథ చదివి వినిపించు, వాడి మాటల్లో తిరిగి చెప్పించుకో. ఒక పద్యం, ఒక ఎక్కం. ఇవాళ్టిది రేపు అడుగు, మళ్లీ వారానికి అడుగు. క్లాసికల్ చదువులో ఉండే లాటిన్ తర్వాత చూసుకోవచ్చు. తెలుగు మాత్రం ఇవాళే మొదలెట్టు, అది ఇంట్లో ఊరికే దొరికే భాష.

ఆఁ, సంగీతం అన్నాను కదూ. పైథాగరస్ శిష్యులు తీగని కొలిచి స్వరాల్లో అంకెలున్నాయని పట్టుకున్నారు. బద్ద మీద రెండు పుల్లలు 60 సెంటీమీటర్ల ఎడంలో పెట్టి, వాటి మీదుగా తీగ బిగించండి. మీటితే సా అనుకోండి. చిన్న పుల్ల మధ్యలో దూర్చి 30 సెంటీమీటర్లే మోగనిస్తే పై సా. 40 మోగనిస్తే ఏ స్వరమో నేను చెప్పను. బుజ్జిగా, స్కేలు తీసుకురా. పెద్దదానా, నువ్వు సంగీతం నేర్చుకుంటున్నావుగా, పాడి చూసి నువ్వే చెప్పు.