పరాయి చేపలు: తినవచ్చును, పెంచరాదు

గత వేసవిలో పనిమీద ఏలూరు నుండి కైకలూరు వెళ్లుచు, దారిలో ఒక చిన్న భోజన హోటలు వద్ద ఆగితిని. రేకుల పాక, నాలుగు బల్లలు, పొయ్యిమీద మట్టి దాకలో చేపల పులుసు. ముక్క చెదరలేదు, ముల్లు సులువుగా ఊడి వచ్చినది, బురద వాసన మచ్చుకైనను లేదు. అంత మంచి పులుసు ఈ మధ్యకాలములో నేను తిని ఎరుగను. "ఇది ఏ చేప అమ్మా?" అని అడిగితిని. హోటలు నడుపుచున్న ఆమె నవ్వి, "ముందు తినండి బాబూ, తిన్నాక చెబుతాను" అన్నది. చేయి కడుగుకొను వేళకు చెప్పినది. "చైనా గొరకండి. పేరు ముందే చెబితే సగంమంది విస్తరి ముందు నుంచి లేచిపోతారు."

పది దినముల తరువాత నేను పనిచేయు మండలములోనే ఒక ఊరి చెరువులో వల లాగుచుండగా గట్టుమీద ఉంటిని. మత్స్యకారుల సంఘమువారు అప్పుచేసి బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలను ఆ చెరువులో వదలియుండిరి. వలలో పడినవానిలో ఎక్కువ భాగము అరచేయంతయు లేని చైనా గొరకలే. సంఘములోని పెద్దాయన ఒకరు ఆ కుప్పవంక చూచి, "వీటిని గట్టున పోసేయమంటారా, తినమంటారా?" అని అడిగిరి. నేను వ్యవసాయశాఖవాడను. చేపల సంగతి మత్స్యశాఖవారికి ఎక్కువ తెలియును. అయినను ఊరి చెరువు చెడినచో నష్టపోవువారు మన రైతులే గనుక, ఆ శాఖవారిని సంప్రదించియు, చదివియు తెలిసికొనిన సంగతులను ఇక్కడ వ్రాయుచున్నాను.

ఇవి ఎట్లు వచ్చినవి?

బయటి దేశపు చేప అయినంత మాత్రమున చెడ్డది కాదు. మనము బొచ్చె, శీలావతులతో కలిపి పెంచు గడ్డి చేప, వెండి చేప 1959లో మన దేశమునకు వచ్చినవే. బంగారు తీగయు పరాయిదే. మన అదుపు తప్పి తనంతట తాను పెరిగి, మన చేపల మేతను, చోటును ఆక్రమించు దానినే చొరబాటు చేప అనవలెను. అట్టివి మన ప్రాంతములో ముఖ్యముగా మూడు కలవు.

మొదటిది తిలాపియా. దీనినే కోస్తా జిల్లాలలో చైనా గొరక అనియు, కొన్నిచోట్ల జిలేబి చేప అనియు అందురు. పేరులో చైనా ఉన్నను దీని పుట్టిల్లు ఆఫ్రికా. 1952లో బ్యాంకాకు నుండి తమిళనాడులోని మండపమునకు తెచ్చిరి. బీదలకు చౌకగా మాంసకృత్తులు లభించునని అప్పటివారి ఆశ. ఆ ఆశలో తప్పులేదు గాని చేప స్వభావము వేరుగా ఉన్నది. తల్లి చేప గ్రుడ్లను నోటిలో దాచుకొని పొదుగును. పిల్లలు ఈదుట నేర్చిన తరువాతను, ఆపద వచ్చినచో వానిని మరల నోటిలోనికి తీసికొనును. అందుచేత పిల్లలలో చాలభాగము బ్రతుకును. రెండు మూడు నెలల వయసుకే ఈతకు వచ్చును. చెరువు నిండిపోయి, మేత చాలక, ఏ చేపయు ఎదుగదు. రాజస్థానములోని జైసమంద్ సరస్సులో ఇది చేరిన తరువాత కార్పు జాతి చేపల సగటు తూకము పడిపోయినది. 1959లోనే దీని వ్యాప్తిని నిషేధించిరి గాని అప్పటికే అది కాలువలలో పడినది. నీటిలో పడినదానికి ఉత్తరువులు తెలియవు.

రెండవది ఆఫ్రికా మార్పు. దీనినే క్యాట్ ఫిష్ అని అమ్ముదురు. మన నాటు మార్పు వలె మీసములుండును గాని దానికంటె చాల పెద్దదగును. చేపలు, కప్పలు, పిట్టపిల్లలు, దేనినైనను మ్రింగును. కేంద్ర ప్రభుత్వము 2000 సంవత్సరములో దీని పెంపకమును నిషేధించినది. అయినను కొందరు కోళ్ల దుకాణముల వ్యర్థములు, కళేబరములు వేసి చాటుగా పెంచుచున్నారు. పోలీసులు, మత్స్యశాఖవారు అట్టి గుంటలను పూడ్పించిన వార్తలు అప్పుడప్పుడు పత్రికలలో చదువుచునే ఉన్నాము.

మూడవది దెయ్యం చేప. ఒంటినిండ గట్టి పెంకులు, వీపున తెరచాప వంటి రెక్క, క్రింది వైపున నోరు. ఇది దక్షిణ అమెరికాకు చెందినది. అద్దాల తొట్టెలలో పాచిని నాకి శుభ్రము చేయునని పట్టణములలో కొని, పెద్దదైనప్పుడు కాలువలో వదలినవారి చలువ వలన ఇది మన చెరువులకు వచ్చినది. గట్లలో బొరియలు త్రవ్వి గ్రుడ్లు పెట్టును. ముండ్లతో వలలను చీల్చును. నీరు లేకున్నను గంటల తరబడి బ్రతుకగలదు.

తినవచ్చునా?

చైనా గొరకను నిస్సంకోచముగా తినవచ్చును. ప్రపంచములో మిక్కిలి ఎక్కువగా తిను పెంపకపు చేపలలో తిలాపియా జాతి ఒకటి. కండ తెల్లగా, గట్టిగా ఉండును. సన్నముండ్లు తక్కువ గనుక పిల్లలకును పెట్టవచ్చును.

ఆఫ్రికా మార్పు మాంసము సహజముగా విషము కాదు. కాని అది తిన్న మేత ఏమిటో మనకు తెలియదు. కళేబరములపై పెరిగిన చేపను కొనుట ఆరోగ్యమునకు మంచిది కాదు. కొన్నచో చాటు పెంపకమునకు డబ్బు ఇచ్చినట్లే. కనుక బజారులో కొనరాదు. చెరువు వలలో తానుగా పడినచో చంపివేయవలెనే గాని తిరిగి నీటిలో వదలరాదు.

దెయ్యం చేపలో పెంకు పోగా మిగులు కండ స్వల్పము. దాని జన్మభూమిలో తినువారున్నారు. కాని మన పట్టణముల మురుగు కాలువలలో అడుగు బురదను నాకి పెరిగిన దానిలో సీసము వంటి లోహములు చేరి ఉండవచ్చును. తినుమని నేను చెప్పను. గట్టున పడవేసి చచ్చినదనుకొని వెళ్లుటయు పొరపాటే. చంపి, గుంటలో సున్నము వేసి పూడ్చవలెను.

బురద వాసన పోవు ఉపాయము

చైనా గొరకను జనము చులకన చేయుటకు ముఖ్య కారణము బురద వాసన. అది చేప జాతి దోషము కాదు, నీటి దోషము. పచ్చపాచి పట్టిన నీటిలోని సూక్ష్మజీవులు జియోస్మిన్ అను పదార్థమును పుట్టించును. తొలకరి చినుకులకు లేచు మట్టి వాసన కూడ దానిదే. అది చేప చర్మములోను, క్రొవ్వులోను చేరును.

దీనికి నాలుగు ఉపాయములు కలవు. వీలున్నచో చేపను మేత లేకుండ శుభ్రమైన నీటిలో రెండు మూడు దినములు ఉంచవలెను. కోయునప్పుడు పొట్ట లోపల అంటియున్న నల్లని పొరను పూర్తిగా గీకి తీసివేయవలెను. ఇది అన్నిటికంటె ముఖ్యము, ఎక్కువమంది మరచునదియు ఇదే. తరువాత రాతి ఉప్పు, పసుపు పట్టించి రుద్ది కడుగవలెను. చివరకు పులుపు చేర్చవలెను. ఆమ్లము తగిలినచో జియోస్మిన్ విరిగి వాసన తగ్గును. చింతపండు పులుసులో చేప వండు మన పెద్దలకు రసాయన శాస్త్రము తెలియకపోయినను ఫలితము తెలియును. వేపుడు చేయదలచినవారు ముక్కలకు నిమ్మరసము పట్టించి అరగంట ఉంచిన చాలును. దారి హోటలులోని ఆమెను నేను అడిగినప్పుడు, నల్లపొర తీయుట, ముదురు పులుసు, ఈ రెండే తన రహస్యమని చెప్పినది.

హోటలులో తినువారికి ఒక మాట. "ఏమి చేప, ఎక్కడిది?" అని అడుగుటకు మొగమాటపడరాదు. ముల్లు తీసిన ముక్కలకు పిండి, మసాలా పట్టించి వేయించి తెచ్చినప్పుడు అది కొర్రమేనో, మరియొకటో కంటికి తెలియదు. పేరు దాచి అమ్మినచో కొర్రమేను ధర పెట్టి వేరొకటి తిందుము. పేరు చెప్పి అమ్మినచో తిలాపియాకు న్యాయమైన ధర వచ్చును, పట్టినవానికి కూలి గిట్టును. ఇంట వండుకొనువారు మొప్పలు ఎర్రగా, కన్ను తేటగా, నొక్కిన కండ తిరిగి లేచునట్లు ఉన్న చేపనే కొనవలెను.

తిన్నంత మాత్రమున తరుగునా?

ఈ ప్రయత్నము ఇతర దేశములలోను జరిగినది. అమెరికాలో పాచి తినుటకై తెచ్చిన వెండి చేప మొదలగు కార్పులు పెంపక కేంద్రముల నుండి తప్పించుకొని మిసిసిపీ నదిని ఆక్రమించినవి. ముండ్లు ఎక్కువని అచటివారు ముట్టరు. 2022లో ఇల్లినాయి రాష్ట్రమువారు వానికి "కోపీ" అని క్రొత్త పేరు పెట్టి తినుడని ప్రచారము చేసిరి. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను మనవారికి ముండ్ల భయమేమి? అచట స్థిరపడిన తెలుగువారు ఈ చేపను సంతోషముగా కొనవచ్చును. అట్లే మన హిందూ మహాసముద్రపు సింహపు చేప అట్లాంటికులో చొరబడగా, 2010లో అమెరికా ప్రభుత్వ సముద్ర విభాగమువారు దానిని తినుడని చెప్పిరి. దాని విషము ముండ్లలోనే గాని కండలో లేదు. తరచు వేటాడిన చోట్ల అది తగ్గినది. మనుష్యుడు దిగలేని లోతులలో మాత్రము మిగిలియే ఉన్నది.

హెచ్చరిక ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు నుండి వచ్చినది. 1950 దశకములో అందులో నైలు పెర్చి అను పెద్ద చేపను వదలిరి. అది వందలాది స్థానిక జాతులను హరించినది. కాని దాని మాంసము విదేశములకు ఎగుమతియై డబ్బు తెచ్చుటచే, దానిని పోగొట్టుమని అడుగువారు కరవైరి. నోటికి రుచి, చేతికి డబ్బు రెండును మరిగినచో శత్రువును మనమే పోషింతుము. చైనా గొరకకు గిరాకీ వచ్చినదని ఎవరైనను ఊరి చెరువులో దాని పిల్లలను వదలినచో మన భోజనమంతయు వ్యర్థమే. ప్రభుత్వ అనుమతితో, తప్పించుకొనకుండ కట్టుదిట్టము చేసిన చెరువులలో మగపిల్లలను మాత్రమే పెంచు మేలుజాతి తిలాపియా సేద్యము వేరు. అనుమతి లేనిదే దాని జోలికి పోరాదు.

చెరువు విషయములో చేయవలసినవి

1. వల పట్టినప్పుడు చైనా గొరక చిన్నదైనను తిరిగి నీటిలో వదలరాదు. పెద్దవి మాత్రమే తీసి చిన్నవి వదలినచో అవి రెండు మూడు నెలలలో మరల గ్రుడ్లు పెట్టును. చిన్నవానిని ఎండబెట్టవచ్చును, లేదా మేతపొడికి అమ్మవచ్చును.

2. వీలైన చెరువును వేసవిలో పూర్తిగా ఎండగట్టవలెను. మడుగులు మిగిలినచో, ఇతర నీటితో సంబంధము లేనప్పుడు, మత్స్యశాఖవారి సలహాతో ఇప్పపిండి వేయవచ్చును. ఎకరము విస్తీర్ణమునకు మీటరు లోతు నీరున్నచో సుమారు 1000 కిలోలు కావలెను. దీనివలన చచ్చిన చేపలను తినవచ్చును. పిండి తరువాత ఎరువుగా పనిచేయును. మూడు వారములు గడచిన పిమ్మటనే క్రొత్త పిల్లలను వదలవలెను.

3. నీరు వచ్చు తూమునకు సన్నని కన్నుల వల కట్టవలెను.

4. కార్పు పిల్లలు బాగుగా ఎదిగిన తరువాత కొద్దిగా కొర్రమేను పిల్లలను వదలినచో అవి చైనా గొరక పిల్లలను తినివేయును. తెలంగాణ రాష్ట్ర చేపయైన కొర్రమేనుకు మంచి ధరయు కలదు.

5. గ్రామాధికారులు చెరువును కౌలుకిచ్చునప్పుడు నిషిద్ధ జాతులను వదలరాదను షరతును కాగితముపై వ్రాయింపవలెను. తొట్టె చేపలను కాలువలో వదలరాదని బడిపిల్లలకు చెప్పవలెను.

గట్టుమీది పెద్దాయనకు ఆ దినము నేను చెప్పినదియు ఇదే. సంఘమువారు ఆ కుప్పను పోసివేయలేదు. పెద్దవానిని వేరుచేసి ఊరిలోనే అమ్మిరి. చిన్నవానిని ఆడవారు ఎండబెట్టుకొనిరి. పిల్లలకై చేసిన అప్పు దానితో తీరలేదు గాని వల లాగినవారి కూలి దక్కినది. "వచ్చే వేసవికి చెరువు ఎండగడతాం బాబూ. అందాకా తింటూనే ఉంటాం" అని పెద్దాయన అన్నారు. ఎండగట్టు పనిని మరువక, తిను పనిని మానక సాగించినచో ఊరి చెరువులు తిరిగి బొచ్చె, శీలావతులకు దక్కగలవని నా నమ్మకము.