తూటా దారి: 1911 పిస్టల్ పుట్టుక, పనితీరు, తడబాట్లు

రివాల్వర్‌లో తూటాల చక్రాన్ని తిప్పేది కాల్చేవారి వేలి బలమైతే, సెమీ ఆటోమేటిక్ పిస్టల్ ఆ బలాన్ని పేలిన తూటా నుంచే రాబట్టుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటాయే పేలుతుంది. కానీ ఖాళీ అయిన ఇత్తడి తొడుగును బయటికి విసరడం, హ్యామర్‌ను మళ్లీ ఎక్కుపెట్టడం, తరువాతి తూటాను ఛాంబర్‌లోకి, అంటే బ్యారెల్ వెనుక కొసన తూటా కూర్చునే గదిలోకి చేర్చడం యంత్రమే చేసుకుంటుంది. తుపాకీ వెనుతన్నును ఇలా పనికి పెట్టవచ్చునని 1884లో హైరమ్ మాక్సిమ్ తన మెషిన్‌గన్‌తో నిరూపించాడు. ఆ సూత్రాన్ని పిడికిట్లోకి కుదించిన వారిలో 1893 నాటి పిస్టల్‌లో మ్యాగజైన్‌ను, అంటే తూటాల పెట్టెను, పిడిలోనే అమర్చిన హ్యూగో బోర్చార్ట్ ఒకడు కాగా, పైనుండే స్లైడ్ మొత్తం ముందుకూ వెనక్కూ కదిలే నేటి రూపాన్ని స్థిరపరచినవాడు యూటాలోని ఆగ్డెన్‌లో 1855లో పుట్టిన జాన్ మోజెస్ బ్రౌనింగ్.

ఫిలిప్పీన్స్‌లో మోరో యోధులతో పోరాడిన అమెరికా సైన్యం తన .38 రివాల్వర్ల గుండు బలం చాలడం లేదని గ్రహించింది. 1904లో సైన్యాధికారులు థాంప్సన్, లగార్డ్ జరిపిన పరీక్షలు కనీసం .45 అంగుళాల వ్యాసం గల గుండు కావాలని తేల్చడంతో, సుమారు 15 గ్రాముల గుండును సెకనుకు దాదాపు 250 మీటర్ల వేగంతో పంపే తూటాకు తగిన పిస్టల్ కోసం పోటీ మొదలైంది. 1911 మార్చిలో జరిగిన చివరి పరీక్షలో కోల్ట్ సంస్థ తయారుచేసిన బ్రౌనింగ్ పిస్టల్ 6,000 తూటాలను ఒక్క తడబాటు లేకుండా కాల్చగా, పోటీగా నిలిచిన సావేజ్ పిస్టల్ 37 సార్లు మొరాయించింది. మార్చి 29న సైన్యం కోల్ట్‌ను 1911 పిస్టల్‌గా స్వీకరించింది. ఆ ఘనతను కేవలం పిస్టల్‌కే ఆపాదించడం సరికాదు. అది యంత్రం, మ్యాగజైన్, తూటా, పట్టుకున్న చేయి అనే నాలుగింటి పొత్తుకు దక్కిన ఫలితం. తరువాతి కాలంలో ఈ జాతి పిస్టళ్లలో కనిపించిన తడబాట్లలో చాలావరకు ఆ నాలుగింటిలో ఏదో ఒకటి మారినప్పుడు పుట్టినవే.

తూటా పేలిన క్షణంలో బ్యారెల్ పైనున్న గట్లు స్లైడ్ లోపలి గాడుల్లో బిగిసి ఉంటాయి కనుక రెండూ కలిసి కొద్ది మిల్లీమీటర్లు వెనక్కు జరుగుతాయి. అప్పటికి గుండు గొట్టం దాటిపోతుంది, లోపలి పీడనం పడిపోతుంది; అప్పుడు బ్యారెల్ కిందనున్న చిన్న లింకు దాని వెనుక భాగాన్ని కిందికి లాగి స్లైడ్‌తో బంధం తెంచుతుంది. ఒంటరిగా వెనక్కు సాగే స్లైడ్‌కు అమర్చిన కొక్కెం, అంటే ఎక్స్‌ట్రాక్టర్, ఖాళీ తొడుగును అంచు పట్టి లాగుతుంది, ఫ్రేమ్‌లో స్థిరంగా ఉన్న ఎజెక్టర్ దాన్ని పక్కకు తన్నుతుంది. తిరుగు ప్రయాణంలో స్లైడ్ మ్యాగజైన్ పైనున్న తూటాను ముందుకు తోస్తే, దాని ముక్కు ర్యాంపు అనే నున్నని వాలును ఎక్కి ఛాంబర్‌లోకి వంగుతుంది, దాని అంచు కిందినుంచి పైకి జారి కొక్కెం కిందికి చేరుతుంది. ఇదంతా సెకనులో పదో వంతుకు లోపే ముగుస్తుంది.

కనుక ఏ తూటా ఎక్కడ, ఏ భంగిమలో ఇరుక్కుందో చూడటమే రోగనిర్ణయంలో మొదటి మెట్టు. ఖాళీ తొడుగు బయటికి పోకుండా, అది ఎగిరిపోవలసిన స్లైడ్ కిటికీలోనే నిటారుగా నిలిచిపోతే, కొక్కెం పట్టు సడలిందనో, స్లైడ్ పూర్తి దూరం వెళ్లలేదనో అర్థం. స్లైడ్ చాలినంత వెనక్కు పోకపోవడానికి మందు బలం తక్కువైన తూటా, స్లైడ్‌ను తిరిగి ముందుకు తోసే రికాయిల్ స్ప్రింగు అతి బిగువు మాత్రమే కాక, వదులైన మణికట్టు కూడా కారణమవుతుంది. పిస్టల్ మొత్తం చేతితో పాటే వెనక్కు పోతే, ఫ్రేమ్‌తో పోల్చినప్పుడు స్లైడ్ కదిలే దూరం తగ్గిపోతుంది. స్ప్రింగు అరిగి బలహీనపడితే కీడు మరోలా వస్తుంది: స్లైడ్ ఫ్రేమ్‌ను గట్టిగా మోదుతుంది, తిరిగి వచ్చేటప్పుడు పూర్తిగా మూసుకోదు. 1911 పిస్టల్‌లోని కొక్కెం వేరే స్ప్రింగు లేని పొడవైన ఉక్కు పట్టీ. దాని వంపే దాని బిగువు. ఆ బిగువు తగ్గితే తొడుగు మధ్యలో జారిపోతుంది, పెరిగితే తూటా అంచు పైకి జారలేక స్లైడ్ గమ్యానికి ఇసుమంత ముందే ఆగిపోతుంది.

అయినా అన్నిటికంటే ముందుగా అనుమానించవలసింది మ్యాగజైన్‌నే. పల్చని ఉక్కు రేకుతో చేసిన ఈ పెట్టె పైఅంచులే తూటా ఏ కోణంలో, ఏ క్షణంలో విడుదలవాలో నిర్ణయిస్తాయి. కిందపడి అవి కాస్త విచ్చుకుంటే తూటా తొందరపడి ఎగురుతుంది, ఒక్కోసారి రెండు తూటాలు ఒకేసారి ఛాంబర్ ముఖాన ఒరుసుకుని బిగుసుకుంటాయి. లోపలి స్ప్రింగు నీరసిస్తే తూటా పైకి లేచేలోపే స్లైడ్ దానిమీదుగా దాటిపోతుంది. మ్యాగజైన్లకు గుర్తులు పెట్టి మార్చి మార్చి వాడితే, లోపం ఒక్క పెట్టెతోనే తిరుగుతున్నదో పిస్టల్‌లోనే ఉన్నదో తేలిపోతుంది. ఖరీదైన భాగాలను గీకి సరిచేసే ముందు ఈ చవకైన పరీక్ష చేయకపోవడం పనితనం అనిపించుకోదు.

తూటా మారడం మరో పెద్ద చిక్కును తెచ్చింది. రాగి తొడుగుతో గుండ్రని ముక్కు గల గుండు కోసం కొలిచిన 1911 ర్యాంపు ఫ్రేమ్‌లో ఒక ముక్కగా, బ్యారెల్ నోటివద్ద మరో ముక్కగా ఉంటుంది, నడుమ చిన్న సందు తప్పనిసరి. ఆ సందును గుండ్రని ముక్కు సులభంగా దాటింది గానీ, తరువాత పోలీసులలో వ్యాపించిన బోలుముక్కు గుండ్ల వెడల్పాటి అంచు అక్కడ తట్టుకుంది. బ్రౌనింగ్ 1926లో బెల్జియంలో మరణించగా, ఆయన మిగిల్చిన పనిని డ్యుడొనే సేవ్ పూర్తిచేసి 1935లో వెలువరించిన హై పవర్ పిస్టల్‌లో లింకుకు బదులు బ్యారెల్ అడుగునే చెక్కిన వాలు దాన్ని కిందికి లాగుతుంది, ర్యాంపు బ్యారెల్‌తో ఏకఖండంగా ఉండటంతో ఆ సందు ఉండదు. ఇషాపూర్ రైఫిల్ కర్మాగారంలో తయారైన 9 మి.మీ. 1ఎ పిస్టల్ ఈ వంశానిదే.