ఒక్క కార్బన్ తేడా

ఆల్కహాలు అనగానే మా క్లాసులో వెనక బెంచీలు ముసిముసిగా నవ్వుతాయి. నిజానికి రసాయనశాస్త్రంలో అది ఇంటిపేరు మాత్రమే. సంతృప్త కార్బన్ మీద హైడ్రోజన్‌ను తీసి హైడ్రాక్సిల్ సమూహాన్ని పెడితే వచ్చేవన్నీ ఆ ఇంటివాళ్లే. చలికాలం పెదాలకు రాసుకునే గ్లిజరిన్ కూడా.

రైతుబిడ్డను గనక, పేరు పెట్టే పద్ధతి నాకు పంటకాలువలా కనిపిస్తుంది. హైడ్రాక్సిల్‌ను మోసే అతి పొడవైన కార్బన్ గొలుసు కాలువ, హైడ్రాక్సిల్ తూము. తూము ఏ కొసకు దగ్గరో అక్కణ్ణుంచి లెక్కపెట్టాలి. 4 కార్బన్లుండి తూము రెండో దాని మీదుంటే బ్యూటేన్-2-ఓల్. అవతలి కొస నుంచి లెక్కిస్తే 3 వస్తుంది, అది చెల్లదు.

వర్గీకరణ గట్ల లెక్క. హైడ్రాక్సిల్ ఉన్న కార్బన్‌తో గట్టు కలిసిన కార్బన్ ఒకటైతే ప్రైమరీ, రెండైతే సెకండరీ, మూడైతే టెర్షియరీ. దీన్ని కంటితో చూపించేది లూకాస్ పరీక్ష. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అనార్ద్ర జింక్ క్లోరైడ్ కలిపిన ద్రావణం పోస్తే టెర్షియరీ వెంటనే మసకబారుతుంది. సెకండరీ కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. ప్రైమరీ మామూలు ఉష్ణోగ్రతలో తొణకదు, బెణకదు. ల్యాబులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగమిది.

మిథనాల్‌కు పక్క కార్బనే లేదు. అయినా ప్రైమరీల్లోనే కలుపుతారు. మా ఊళ్ళో దీన్నీ, బెల్లం ఊట పులిస్తే పుట్టే ఇథనాల్‌నూ కలిపి 'స్పిరిట్' అనేస్తారు. రంగు చూసి పోల్చలేం, వాసన నమ్మలేం. తేడా ఒక్క కార్బన్. కాలేయంలో ఇథనాల్ ఎసిటాల్డిహైడ్‌గా, ఆపైన వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లంగా మారుతుంది. మిథనాల్ అదే దారిలో ఫార్మాల్డిహైడ్, ఆపైన ఫార్మిక్ ఆమ్లం అవుతుంది. అది కంటినరాన్ని దెబ్బతీస్తుంది, ప్రాణమూ తీస్తుంది. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్ళకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారా తాగి 60 మందికి పైగా చనిపోయారు.

విచిత్రమేమంటే, దీనికి విరుగుడుగా ఇథనాల్‌నే వాడే పద్ధతి ఉంది. కాలేయంలోని ఎంజైము ముందుగా ఇథనాల్‌నే అందుకుంటుంది. ఈలోగా మిథనాల్ మారకుండానే మెల్లగా బయటికి పోతుంది. అయితే అది ఆసుపత్రిలో డాక్టరు కొలిచి ఇచ్చేది; రచ్చబండ దగ్గర ఇంకో గ్లాసు పోయించుకోవడం కాదు.